అప్లైడ్ మ్యాథ్స్ పీజీ: మీ ప్రశ్నలకు మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథమెటిక్స్ గురించే. డిగ్రీ ఆఖరి ఏడాది విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, ఇప్పటికే పీజీలో చేరినవాళ్లు రాశారు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బీఎస్సీ ఎంపీసీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ఎమ్మెస్సీ మ్యాథమెటిక్స్, ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథమెటిక్స్ రెండూ ఉన్నాయి. తేడా ఏమిటి? అప్లైడ్ తీసుకుంటే లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత పోతుందా?
— ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: మొదటి సెమిస్టర్‌లో తేడా దాదాపుగా కనిపించదు. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రెండు చోట్లా చదవాల్సిందే. ఆ తర్వాతే దారులు విడిపోతాయి. ప్యూర్ వైపు వెళ్తే గలోయిస్ థియరీ, టోపాలజీ, మెజర్ థియరీ లోతుగా చెబుతారు. అప్లైడ్ వైపు న్యూమరికల్ అనాలిసిస్, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ఫ్లూయిడ్ డైనమిక్స్, ఆప్టిమైజేషన్, ఆపరేషన్స్ రీసెర్చ్ వస్తాయి.

అయితే కోర్సు పేరును నమ్మి చేరవద్దు. పేరులో అప్లైడ్ ఉండి పాఠాలన్నీ బోర్డు మీదే సాగే చోట్లున్నాయి. ఉత్త మ్యాథమెటిక్స్ అని పేరు పెట్టుకుని మంచి కంప్యూటింగ్ ల్యాబ్ నడిపే చోట్లూ ఉన్నాయి. యూనివర్సిటీ వెబ్‌సైట్ నుంచి సిలబస్ దించుకుని మూడు విషయాలు చూడండి. న్యూమరికల్ అనాలిసిస్‌కు ల్యాబ్ ఉందా, దానికి విడిగా మార్కులున్నాయా? ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ తప్పనిసరి పేపరా, ఎలక్టివా? నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉందా?

ల్యాబ్ గురించి ఎందుకు ఇంతగా చెబుతున్నామో ఒక చిన్న లెక్కతో చూపిస్తాం. రెండు సమీకరణాలు తీసుకోండి. మొదటిది: 0.0001 ఎక్స్ + వై = 1. రెండోది: ఎక్స్ + వై = 2. అసలు జవాబు ఎక్స్, వై రెండూ దాదాపు 1. ప్రతి అడుగులోనూ మూడు సార్థక అంకెలే ఉంచుకుంటూ, మొదటి సమీకరణాన్ని 10,000తో హెచ్చించి రెండోదాని నుంచి తీసేయండి. వై = 1 అని సరిగ్గానే వస్తుంది. దాన్ని మొదటి సమీకరణంలో పెడితే ఎక్స్ = 0 అని వస్తుంది. పద్ధతి పుస్తకంలో ఉన్నదే, జవాబు మాత్రం పూర్తిగా తప్పు. సమీకరణాల వరస మార్చి, పెద్ద గుణకం ఉన్నదాన్ని పైన పెట్టి చేస్తే రెండూ 1 అని వస్తాయి. దీన్నే పివటింగ్ అంటారు. కాగితం మీద పూర్తి భిన్నాలతో లెక్క చేసే విద్యార్థికి ఈ చిక్కు ఎప్పటికీ ఎదురుకాదు. కంప్యూటర్‌తో పనిచేసేవాళ్లకు రోజూ ఎదురవుతుంది. అప్లైడ్ మ్యాథ్స్‌లో సగం శిక్షణ ఇలాంటి చోట్లే ఉంది.

ఇక అర్హత సంగతి. యూనివర్సిటీ, డిగ్రీ కళాశాలల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు యూజీసీ నిబంధన ప్రకారం సంబంధిత సబ్జెక్టు పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50 శాతం చాలు. దాంతోపాటు సాధారణంగా జాతీయ స్థాయి నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్ అర్హత పరీక్ష పాసై ఉండాలి. 54.7ను 55గా లెక్కిస్తారని ఆశ పెట్టుకోవద్దు. జూనియర్ లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్లలో ఏయే పీజీలను మ్యాథమెటిక్స్‌తో సమానంగా తీసుకుంటారో అర్హతల పట్టికలో రాస్తారు. పాత నోటిఫికేషన్ ఒకటి దించుకుని, మీరు చేరబోయే కోర్సు పేరు అందులో అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక చూసుకుంటే ఈక్వివలెన్స్ కాగితాల కోసం తిరగాల్సి వస్తుంది.

ప్రశ్న: ఏ ఎంట్రన్స్‌కు చదవాలి? అన్నింటికీ విడివిడిగా ప్రిపేర్ కావడం సాధ్యమేనా?
— ఇద్దరు స్నేహితురాళ్లు, నంద్యాల

జవాబు: విడివిడిగా అక్కర్లేదు. ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌కు గట్టిగా చదివితే మిగతావాటికి కావాల్సిన సరుకులో ఎక్కువ భాగం చేతికొచ్చేస్తుంది. ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్, తెలంగాణవాటికి ఉస్మానియా నిర్వహించే సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. ఐఐటీలు, వరంగల్ సహా ఎన్‌ఐటీలు జామ్ ర్యాంకు చూస్తాయి. బెంగళూరు ఐఐఎస్సీలో గణితం ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ జామే దారి.

జామ్ ఫిబ్రవరిలో ఉంటుంది. వ్యవధి మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఎ సెక్షన్‌లో 30 ప్రశ్నలకు ఒక్కటే సరైన జవాబు. ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే మూడింట రెండు వంతులు కోత. బి సెక్షన్‌లో 10 ప్రశ్నలు, ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు. సి సెక్షన్‌లో 20 ప్రశ్నలు, ఆప్షన్లు లేకుండా సంఖ్యను టైప్ చేయాలి. బి, సి సెక్షన్లలో కోత లేదు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి. బి సెక్షన్‌లో మాత్రం సరైనవన్నీ గుర్తిస్తేనే మార్కులు. నాలుగింట్లో మూడు సరైనవైతే, రెండే గుర్తించినవాళ్లకు సున్నా.

మన డిగ్రీ పరీక్షల్లో సిద్ధాంతం రాసి నిరూపించమంటారు. జామ్ ఆ సిద్ధాంతంలోని ఒక షరతు తీసేసి, ఇప్పుడు నిజమా కాదా అని అడుగుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. పదాలు సున్నాకు చేరితే శ్రేణి అభిసరిస్తుందా? 1, 1/2, 1/3... చూడండి, కాదని తెలుస్తుంది. ఒక ఫంక్షన్ అవిచ్ఛిన్నం, పైగా పరిమితం; అంతమాత్రాన యూనిఫామ్ కంటిన్యువస్ అవుతుందా? ఎక్స్ వర్గానికి సైన్ తీసుకోండి: విలువ మైనస్ 1, 1 మధ్యే ఉంటుంది, కానీ దూరం వెళ్లేకొద్దీ ఊపు వేగం పెరిగిపోతుంది, కాబట్టి కాదు. ప్రతి సిద్ధాంతం పక్కన, దానిలో ఒక్కో షరతు తీసేస్తే చెడిపోయే ఉదాహరణ రాసుకునే నోటుపుస్తకం పెట్టండి. రియల్ అనాలిసిస్‌కు అంతకన్నా మంచి ప్రిపరేషన్ మాకు తెలియదు.

వేసవిలో ఎంటీటీఎస్ అనే నాలుగు వారాల గణిత శిబిరం ఉంటుంది. 1993 నుంచి నడుస్తోంది. ఎంపికైనవాళ్లకు భోజనం, వసతి ఖర్చు ఉండదు. ప్రశ్నలడుగుతూ గణితం నేర్పే చోటు అది. మీ ఇద్దరిలో డిగ్రీ మధ్యలో ఉన్నవాళ్లుంటే తప్పకుండా దరఖాస్తు చేయండి.

ఒక జాగ్రత్త. జామ్‌లో ర్యాంకు వచ్చినంత మాత్రాన సీటు దానంతటది రాదు. ఐఐటీల అడ్మిషన్ పోర్టల్‌లో ఒకసారి, ఎన్‌ఐటీల కోసం వాటి ఎమ్మెస్సీ కౌన్సెలింగ్ పోర్టల్ సీసీఎంఎన్‌లో ఇంకోసారి రిజిస్టర్ చేసుకోవాలి. రెండోది మరిచిపోయి ఎన్‌ఐటీ సీటు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటున్నారు.

ప్రశ్న: బీటెక్ చేశాను. ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథ్స్‌లో చేరొచ్చా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: జామ్ రాయొచ్చు. సీటు మాత్రం ఆయా సంస్థ పెట్టిన షరతు మీద ఆధారపడుతుంది. డిగ్రీలో కనీసం ఇన్ని సెమిస్టర్లు గణితం చదివి ఉండాలని కొన్ని సంస్థలు అడుగుతాయి. మీ మార్కుల మెమోల్లో మ్యాథ్స్ పేపర్లు ఎన్ని సెమిస్టర్లలో ఉన్నాయో లెక్కపెట్టుకుని, సంస్థల వారీ అర్హతల పట్టికతో సరిచూసుకోండి. చేరాక మీకు కష్టమయ్యేది లెక్కలు కాదు, నిరూపణలు. చేరకముందే రెండు నెలలు అనాలిసిస్ చదవండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో ఉన్నాను. డేటా సైన్స్ లేదా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాలని ఉంది. బయట కోచింగ్ తీసుకోవాలా? ఈ రెండేళ్లలో ఏం నేర్చుకోవాలి?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: కోచింగ్ ఫీజు కట్టే ముందు మీ క్లాసులో చెప్పేదాన్నే కంప్యూటర్ మీద చేయడం మొదలుపెట్టండి. మీకున్న బలం గణితం. దాన్ని పక్కనపెట్టి టూల్స్ వెంట పడితే ఇంజినీరింగ్ చదివినవాళ్ల వెనకాల లైన్లో నిలబడాల్సి వస్తుంది.

మొదటి సెమిస్టర్‌లో పైథాన్, అందులో మాత్రికల లెక్కలు చేసే నంపై లైబ్రరీ చాలు. గాసియన్ ఎలిమినేషన్‌ను లైబ్రరీ వాడకుండా సొంతంగా రాయండి, తర్వాత నంపై జవాబుతో పోల్చండి. హిల్బర్ట్ మాత్రికను 10 వరసలు, 10 నిలువులతో తీసుకుని సాధించి చూడండి. దాని కండిషన్ నంబర్, అంటే చిన్న తప్పు జవాబులో ఎన్ని రెట్లు పెరగొచ్చో చెప్పే సంఖ్య, సుమారు 1.6 ఇంటూ 10 పవర్ 13. కంప్యూటర్ మామూలుగా దాచుకునేది 16 అంకెలదాకా. అందులో 13 అంకెల దాకా చెడిపోవచ్చు, నమ్మదగినవి మూడే మిగలొచ్చు. కోడ్‌లో ఒక్క తప్పూ లేకపోయినా జవాబు ఎందుకు చెడుతుందో ఇది చేశాక ఎప్పటికీ మరిచిపోరు.

రెండో సెమిస్టర్‌లో ఉష్ణ సమీకరణం తీసుకోండి. పాత విలువల నుంచే కొత్తవి నేరుగా లెక్కించే సులువైన ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో రాస్తే ఒక షరతు ఉంటుంది: ఉష్ణ వ్యాప్తి గుణకాన్ని కాలపు అడుగుతో హెచ్చించి, దూరపు అడుగు వర్గంతో భాగిస్తే సగానికి మించకూడదు. గుణకం 1, దూరపు అడుగు 0.01 అనుకుంటే కాలపు అడుగు 0.00005 దాటకూడదు. ఒక సెకను లెక్కించడానికి 20,000 అడుగులు. 0.00006 పెట్టి చూడండి, కాసేపటికి సంఖ్యలు రంపపు పళ్లలా ఎగిరి కోట్లలోకి వెళ్లిపోతాయి. అప్పుడు ఇంప్లిసిట్ పద్ధతులు ఎందుకొచ్చాయో, ప్రతి అడుగులో సమీకరణాల వ్యవస్థ సాధించే ఖర్చు ఎందుకు భరిస్తారో అర్థమవుతుంది.

ఇదంతా డేటా సైన్స్‌కు దూరం అనుకోకండి. మెషీన్ లెర్నింగ్‌లో గ్రేడియంట్ డిసెంట్ వాడతారు కదా. వర్గ రూపంలో ఉన్న నష్ట ఫంక్షన్‌కు, దాని హెస్సియన్ (రెండో డెరివేటివ్‌ల మాత్రిక)లోని అతి పెద్ద ఐగెన్ విలువతో 2ను భాగించండి. లెర్నింగ్ రేటు, అంటే ఒక్కో అడుగు పరిమాణం, దానికన్నా తక్కువ ఉండాలి, దాటితే విలువలు పేలిపోతాయి. ఉష్ణ సమీకరణం షరతుకూ దీనికీ మూలం ఒకటే. అతి పెద్ద, అతి చిన్న ఐగెన్ విలువల నిష్పత్తి ఎక్కువైతే శిక్షణ నత్తనడక నడుస్తుంది. అందుకే డేటాను ముందుగా స్కేల్ చేస్తారు. ఇంటర్వ్యూలో ఈ మాట కారణంతో సహా చెప్పగలిగేవాళ్లు తక్కువ. మీరు చెప్పగలగాలి.

మూడో సెమిస్టర్‌లో ప్రాబబిలిటీ, రిగ్రెషన్, ప్రిన్సిపల్ కాంపోనెంట్ అనాలిసిస్ చూడండి. డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ కూడా నేర్చుకోండి. నెల రోజులు చాలు, కానీ అది రాకపోతే మొదటి రౌండ్‌లోనే వెనక్కి పంపేస్తారు. మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ లేకపోతే ఆక్టేవ్ ఉచితం. ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలూ ఉచితమే.

నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు మీ రెజ్యూమెకు ప్రాణం. అందరి దగ్గరా ఉండే టైటానిక్ ప్రయాణికుల డేటా ప్రాజెక్టు వద్దు. ఒక సమీకరణం తీసుకుని, సొంత కోడ్ రాసి, ఎర్రర్ పట్టిక తయారుచేయండి. అసలు జవాబు తెలిసిన సమస్యతో మొదలుపెట్టి, గ్రిడ్ దూరాన్ని సగం, మళ్లీ సగం చేస్తూ పోండి. రెండో ఆర్డర్ పద్ధతిలో ప్రతిసారీ ఎర్రర్ నాలుగో వంతుకు పడిపోవాలి. సగమే తగ్గుతోందంటే ఎక్కడో మొదటి ఆర్డర్ సూత్రం దూరింది. చాలాసార్లు అది సరిహద్దు దగ్గర, డెరివేటివ్ షరతును ఒక పక్క బిందువుతోనే రాసినచోట దొరుకుతుంది. అస్సలు తగ్గకపోతే కోడ్‌లోనే తప్పుంది. ఈ ఒక్క పట్టిక ఉన్న ప్రాజెక్టు రిపోర్టును మేం ఎప్పుడూ పైన పెడతాం. రంగురంగుల గ్రాఫులు ఎన్ని ఉన్నా ఈ పట్టిక లేకపోతే ఆ జవాబులు ఎవరూ నమ్మనక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి అప్లైడ్ మ్యాథ్స్ చేస్తానంటోంది. లెక్చరర్ తప్ప వేరే ఉద్యోగం రాదని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: నిజం కాదమ్మా. లెక్చరర్ ఉద్యోగం కూడా తక్కువదేం కాదు. అయితే మిగతా దారుల్లో దేనికీ ఎమ్మెస్సీ ఒక్కటే సరిపోదు, దానికి తోడు ఒకటి కావాలి. ఆ తోడు ఏమిటో ముందే తెలిస్తే భయం ఉండదు.

మన పక్కనే ఉన్నది చెబుతాం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007లో అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సునామీ వేగం లోతును బట్టి ఉంటుంది: గురుత్వ త్వరణాన్ని లోతుతో హెచ్చించి వర్గమూలం తీస్తే చాలు. 4,000 మీటర్ల లోతులో అది గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. తీరం దగ్గర 10 మీటర్ల లోతులో 36 కిలోమీటర్లకు పడిపోతుంది, అప్పుడే అల ఎత్తు పెరుగుతుంది. భూకంపం వచ్చాక లెక్కలు మొదలుపెడితే ఆలస్యం కాబట్టి, ఎక్కడ ఎంత భూకంపం వస్తే ఏ తీరానికి ఎప్పుడు, ఎంత ఎత్తున అల వస్తుందో ముందే లెక్కించి దాచి ఉంచుతారు. వాతావరణ అంచనాలకు నోయిడాలో ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్, పుణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం ఉన్నాయి. ఇలాంటి చోట్ల పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ఫోర్ట్రాన్ లేదా పైథాన్, లినక్స్ వచ్చినవాళ్లు కావాలి. తొలి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు కాలానికే ఉంటాయని మాత్రం ముందే తెలుసుకోండి.

డీఆర్‌డీఓ సైంటిస్ట్ బి నియామకాల్లో గణితం విభాగానికి గేట్ మ్యాథమెటిక్స్ స్కోరు అడుగుతారు. ఖాళీలు తక్కువ, పోటీ గట్టిది.

ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. దానికి డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా పీజీ స్టాటిస్టిక్స్‌లో చేయాలి. ఎంపీసీ చదివి అప్లైడ్ మ్యాథ్స్ పీజీ చేసినవాళ్లకు అర్హత రాదు. మీ అమ్మాయి డిగ్రీ సబ్జెక్టుల్లో స్టాటిస్టిక్స్ ఉంటే ఈ దారి తెరిచే ఉంది.

బీమా రంగంలో నష్టభయాన్ని, ప్రీమియాన్ని లెక్కకట్టే యాక్చువరీ మంచి వృత్తి. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా ప్రవేశ పరీక్ష ఏసెట్ రాసి చేరాలి. తర్వాత ఒక్కో పేపరు పాసవుతూ పోవాలి, ఉద్యోగం చేస్తూనే ఏళ్లు పడుతుంది. మొదటి స్టాటిస్టిక్స్ పేపరు సీఎస్1 ఎమ్మెస్సీ చదువుతూనే రాయొచ్చు. అది దాటితే ఈ దారి తనకు నచ్చిందో లేదో తేలిపోతుంది.

కంపెనీల్లో రవాణా, గోదాములు, షిఫ్టుల ప్రణాళిక వేసే ఆప్టిమైజేషన్ పనులున్నాయి. ఆపరేషన్స్ రీసెర్చ్ పేపర్లో సింప్లెక్స్ పట్టికలు చేతితో నింపడం అక్కడ ఎవరూ అడగరు, ఆ పని సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. డ్రైవర్‌కు విశ్రాంతి, లారీ సామర్థ్యం, డెలివరీ వేళలు, వీటన్నింటినీ అసమీకరణాలుగా రాయడమే అసలు పని. ఫైనాన్స్‌లో గణిత నమూనాలతో ధరలు, రిస్కు లెక్కించే క్వాంట్ ఉద్యోగాలకు జీతాలు పెద్దవే. ఆప్షన్ల ధర లెక్కించే 1973 నాటి బ్లాక్-షోల్స్ సమీకరణాన్ని చలరాశులు మార్చి ఉష్ణ సమీకరణంగా చేయొచ్చు కాబట్టి మన విద్యార్థికి అది కొత్త కాదు. కానీ ఆ పోస్టులు కొద్ది. సీ++, స్టొకాస్టిక్ కాలిక్యులస్ రెండూ గట్టిగా రావాలి. దాని మీదే ఆశ పెట్టుకుని చేరవద్దని చెబుతాం.

ప్రశ్న: పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఎంహెచ్‌డీ (అయస్కాంత క్షేత్రంలో ద్రవ ప్రవాహం), నానోఫ్లూయిడ్స్ (నానో కణాలు కలిపిన ద్రవాలు) మీదే చేస్తున్నారు. నేనూ అదే తీసుకోవాలా?
— ఒక పరిశోధనార్థి, అనంతపురం

జవాబు: సబ్జెక్టులో తప్పు లేదు, చేసే తీరులో ఉండొచ్చు. మీకు తెలిసిందే: సాగే పలక మీద ప్రవాహం తీసుకుని, సిమిలారిటీ ట్రాన్స్‌ఫర్మేషన్‌తో ఆర్డినరీ సమీకరణాలుగా మార్చి, మ్యాట్‌ల్యాబ్‌లోని బీవీపీ4సీతోనో, రంగే-కుట్టా షూటింగ్‌తోనో సాధిస్తారు. ఒక పేపర్లో రేడియేషన్, ఇంకోదాంట్లో రసాయన చర్య, మూడోదాంట్లో రెండూ. ఇలా పేపర్లు పెరుగుతాయి, ప్రశ్న మాత్రం పెరగదు. ఈ ప్రవాహం ఎక్కడ జరుగుతుంది, ఆ పారామీటర్ విలువలు నిజంగా సాధ్యమేనా, ఏ ప్రయోగంతో పోల్చారు అని అడిగితే జవాబుండాలి.

ఈ లెక్కల్లో తరచూ జరిగే తప్పు ఒకటుంది. సరిహద్దు షరతు అనంతం దగ్గర ఉంటుంది, కోడ్‌లో దాని బదులు 5 లేదా 10 పెడతారు. ఆ చివర వేగం, ఉష్ణోగ్రత గీతలు నెమ్మదిగా సున్నాకు ఆనుకుని చదునుగా నడవాలి. ఏటవాలుగా దిగి సున్నాను గుద్దుకుని ఆగిపోతే మీరు పెట్టిన అనంతం చాలా దగ్గరైందన్నమాట, ఆ ఫలితం తప్పు. 10ని 20 చేసి, పలక దగ్గరి విలువలు మారలేదని చూపించాకే పేపర్ రాయండి. కుంచించుకునే పలకల విషయంలో రెండు పరిష్కారాలు ఉండొచ్చు. తొలి అంచనా మార్చితే రెండోది బయటపడుతుంది. స్థిరత్వ విశ్లేషణ చేసి ఏది నిలుస్తుందో చెప్పాలి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన దగ్గర పూర్తిచేసినవాళ్ల థీసిస్‌లు రెండు తెరిచి చూడండి. ఒకదాని అధ్యాయాలు ఇంకోదానితో మార్చినా తేడా తెలియకపోతే వేరే గైడ్‌ను వెతకండి.

బయట చూడదలిస్తే బెంగళూరులోని టీఐఎఫ్‌ఆర్ అప్లికబుల్ మ్యాథమెటిక్స్ కేంద్రం పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కు పేరున్నది. సీఎస్‌ఐఆర్ నెట్‌లో పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. మ్యాథ్స్ పేపరు 200 మార్కులకు మూడు భాగాలు. ఎ భాగంలో 20కి 15 రాయాలి, ఒక్కోదానికి 2 మార్కులు. బి భాగంలో 40కి 25, ఒక్కోటి 3 మార్కులు. సి భాగంలో 60కి 20, ఒక్కోటి 4.75 మార్కులు. సి భాగంలో నెగెటివ్ లేదు, కానీ సరైన ఆప్షన్లన్నీ గుర్తించాలి. దాదాపు సగం మార్కులు అక్కడే ఉన్నాయి. బి భాగంలో తప్పు జవాబుకు 0.75 పోతుంది కాబట్టి అక్కడ ఊహాగానాలు వద్దు.

ప్రశ్న: జర్మనీలో అప్లైడ్ మ్యాథ్స్ మాస్టర్స్ ఉచితమంటున్నారు. డబ్బు ఎంత ఉండాలి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము మాత్రం ఉంటుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఫీజు మొదలుపెట్టింది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాది ఖర్చు చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. వెళ్లే ముందు తాజా మొత్తం సరిచూసుకోండి. మన డిగ్రీ పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. దానికి వారాలు పడుతుంది కాబట్టి, అడ్మిషన్ వచ్చేదాకా ఆగకుండా డిగ్రీ మెమోలు చేతికి రాగానే దరఖాస్తు చేయండి. పరిశ్రమకు దగ్గరగా ఉండే గణితం కావాలంటే కైజర్స్‌లౌటర్న్ చూడండి. ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన పారిశ్రామిక గణిత కేంద్రం ఆ ఊళ్లోనే ఉంది.